మొకొమా: కంపెనీ పోయాక మొదలైన పాట

2002 మార్చిలో ఈఎంఐ రికార్డు కంపెనీ పెద్ద ఎత్తున కోతలు ప్రకటించింది. ప్రపంచమంతటా 1,800 ఉద్యోగాలు పోయాయి, దాదాపు 400 మంది కళాకారుల ఒప్పందాలు రద్దయ్యాయి. ఆ సందర్భంలోనే కంపెనీ రికార్డింగు విభాగం అధిపతి అలాన్ లెవీ ఫిన్లాండ్ ప్రస్తావన తెచ్చాడు. ఆ దేశంలో తమ జాబితాలో 49 మంది కళాకారులున్నారనీ, పాడగలిగినవాళ్లు అక్కడ అంతమంది ఉంటారని తనకు అనిపించడం లేదనీ అన్నాడు. పత్రికలు ఆ మాటను అచ్చేశాయి. ఒక భాషలో పాడుకునేవాళ్లందరినీ ఖర్చుల పద్దులో ఒక్క గీతతో కొట్టేసిన మాట అది. సంగీతాన్ని ప్రేమించే ఎవరికైనా చివుక్కుమంటుంది. నాకు ఇప్పటికీ కోపం వస్తుంది.

ఈఎంఐ మనకు తెలియని కంపెనీ కాదు. పాత తెలుగు పాటల రికార్డుల మీద గ్రామఫోను బూరా ముందు చెవి ఒగ్గి కూర్చున్న కుక్క బొమ్మ చాలామందికి గుర్తుండే ఉంటుంది. హెచ్‌ఎంవి పేరుతో ఆ రికార్డులు తెచ్చిన గ్రామఫోన్ కంపెనీ ఆఫ్ ఇండియా 1980ల నడిమి దాకా ఈఎంఐ చేతిలోనే ఉండేది. తరవాత ఆర్పీజీ సంస్థకు మారింది, ఇప్పుడు దాని పేరు సరిగమ. ఘంటసాల 1974లో కన్నుమూశారు. ఆయన పాడిన పాటల్లో ఎన్నిటినో ఇవాళ్టికీ ఆ సంస్థే విడుదల చేస్తోంది. పాడిన మనిషి వేరు, రికార్డుకు సొంతదారు వేరు. ఈ తేడా మనసులో ఉంచుకుంటే ఇప్పుడు చెప్పబోయే ఫిన్లాండ్ బృందం కథ సులువుగా అర్థమవుతుంది.

ఆ బృందం పేరు మొకొమా. ఈఎంఐకి రెండు ఆల్బమ్‌లు చేసింది. మూడోది 2003లో తన సొంత లేబుల్ మీద తెచ్చింది. ఆ మూడోదానితోనే జనం దాన్ని గుర్తించారు. పెద్ద కంపెనీ అండ పోయిన బృందం చతికిలపడకుండా అప్పుడే ఎందుకు నిలబడింది, అదీ మెటల్ అనే అంత మొరటు సంగీతంతో, అన్నది విడమరిచి చూడదగ్గ విషయం.

మొకొమా పుట్టిన లప్పేన్‌రంతా పట్టణం ఫిన్లాండ్ ఆగ్నేయ మూల, సైమా సరస్సు దక్షిణపు ఒడ్డున ఉంది. ఆ దేశంలో అదే అన్నిటికంటే పెద్ద సరస్సు. రష్యా సరిహద్దు పట్టణానికి 30 కిలోమీటర్ల దూరం, రాజధాని హెల్సింకి 220. పాత కోట, కాగితం మిల్లు, కలప మిల్లు, ఒక విశ్వవిద్యాలయం. చలికాలంలో సరస్సు గడ్డకడుతుంది, మధ్యాహ్నం మూడున్నరకే చీకటి పడుతుంది. చలి వల్ల, చీకటి వల్ల అక్కడివాళ్లు మెటల్ సంగీతం వాయిస్తారని చాలామంది రాస్తుంటారు. ఆ వివరణ నాకు నచ్చదు. చలీ చీకటీ ఉన్న దేశాలు ఇంకా ఉన్నాయి, అన్ని చోట్లా ఇన్ని బృందాలు పుట్టలేదు. నా దృష్టిలో అసలు కారణాలు సర్కారు కాగితాల్లో దొరుకుతాయి. ఫిన్లాండ్ 1960ల చివర నుంచి సంగీత పాఠశాలలకు చట్టబద్ధంగా సాయం చేస్తోంది. అలాంటి బడులు దేశమంతటా దాదాపు వంద ఉన్నాయి. పురపాలక గ్రంథాలయాల్లో పుస్తకాల పక్కనే సంగీత విభాగం ఉంటుంది, రికార్డులు ఇంటికి తీసుకెళ్లవచ్చు. ఊళ్లలో కుర్రకారు కోసం నడిపే కేంద్రాల్లో డ్రమ్స్ వాయించుకోవడానికి గది దొరుకుతుంది. పద్నాలుగేళ్ల పిల్లవాడికి గిటారు, చెవులు చిల్లులు పడేలా వాయించినా ఎవరూ తిట్టని గది, ముగ్గురు స్నేహితులు ఉంటే చాలు, బృందం తయారవుతుంది. డబ్బున్న ఇంట్లో పుట్టాల్సిన పని లేదు.

1996 సంవత్సరం ఆ తూర్పు ప్రాంతానికి గొప్ప ఏడాది. పాటలు రాసి పాడే మార్కో అన్నలా లప్పేన్‌రంతాలో మొకొమాను మొదలుపెట్టాడు. అక్కడికి దగ్గర్లోని లెమి అనే పల్లెలో స్తమినా బృందం పుట్టింది. మూడువేల జనాభా గల ఆ ఊరికి అప్పటిదాకా గొర్రె మాంసాన్ని చెక్క తొట్టిలో గంటల తరబడి కాల్చి చేసే సరా అనే వంటకం వల్లే పేరు. ఇంకాస్త ఉత్తరాన కితే అనే చిన్న పట్టణంలో తుఓమాస్ హొలొపైనెన్ నైట్‌విష్‌ను ప్రారంభించాడు. ఏడాది ఒక్కటే, ప్రాంతం దగ్గరదే, ఈడు కూడా ఇంచుమించు అదే. దారులు మాత్రం మూడు. నైట్‌విష్ ఇంగ్లీషులో పాడింది. పుట్టిన ఏడాదిలోపే స్పైన్‌ఫార్మ్ అనే చిన్న స్వతంత్ర లేబుల్‌తో ఒప్పందం చేసుకుని 1997లో తొలి ఆల్బమ్ తెచ్చింది, కొన్నేళ్లలో ప్రపంచం చుట్టివచ్చింది. మొకొమా ఫిన్నిష్‌లో పాడుతూనే ఈఎంఐ గడప తొక్కింది. స్తమినా తొమ్మిదేళ్లు నమూనా రికార్డింగులు చేసుకుంటూ ఎదురుచూసింది. ఆ ఎదురుచూపు ఎవరి చేతుల మీదుగా తీరిందో తరవాత వస్తుంది.

మెటల్ అంటే అలవాటు లేని చదువరులకు ఒక్క మాట. ఎలక్ట్రిక్ గిటారు ధ్వనిని కావాలని బొంగురుపోయేలా పెంచడం ఈ సంగీతానికి పునాది. మొకొమా చేరుకున్న శాఖను థ్రాష్ అంటారు. ఇందులో గిటారిస్టు కుడి అరచేతి అంచును తీగల మొదట్లో ఆనించి, మోత సాగకుండా అదిమిపట్టి, పైనుంచి కిందికి వేగంగా కొడతాడు. ఒక్కొక్క స్వరం ముక్కముక్కగా, గట్టిగా వినిపిస్తుంది. కింద డ్రమ్మరు రెండు కాళ్లతోనూ పెద్ద డ్రమ్మును వాయిస్తాడు. గొంతు అరుపులా వినిపిస్తుంది కానీ అది సాధన చేసిన అరుపు. ఊపిరిని కడుపులోంచి పట్టుకుని స్వరతంత్రులు పాడవకుండా గీర ఎలా తీయాలో నేర్చుకోకపోతే రెండు కచేరీలకే గొంతు పోతుంది. కోపం, దుఃఖం, అపరాధ భావం, విశ్వాసంతో పెనుగులాట ఈ పాటల్లో ఎక్కువ. అన్నలా రాసేవి అలాంటి పాటలే. 2017లో అతను ఆత్మకథ ఛాయలున్న నవల ఒకటి ప్రచురించాడు. పాటల్లోని మనిషి ఎక్కణ్ణించి వచ్చాడో తెలుసుకోవాలనుకున్నవాళ్లు దాన్ని చదివారు.

ఇక భాష సంగతి. 1990లలో ఫిన్లాండ్ మెటల్ అంటే దాదాపు అంతా ఇంగ్లీషే. అమోర్ఫిస్ అనే హెల్సింకి బృందం 1994లో తమ జాతీయ కావ్యం కలేవాలా ఆధారంగా చేసిన ఆల్బమ్‌లో కూడా పాటలు ఇంగ్లీషులోనే ఉన్నాయి. సెంటెన్స్‌డ్, స్ట్రాటోవేరియస్, చిల్డ్రన్ ఆఫ్ బోడమ్ వంటి పేరున్న బృందాలన్నీ అదే బాటలో నడిచాయి. కారణం సులువుగానే ఊహించవచ్చు. దేశ జనాభా అప్పట్లో 52 లక్షలు. మెటల్ వినేవాళ్లు అందులో ఒక భాగం. జర్మనీకో జపానుకో పాట చేరాలంటే ఇంగ్లీషు కావాలి. అయితే శతాబ్దం మారే వేళకు గాలి కొంచెం మళ్లింది. తిమో రౌతియాయినెన్ తన ట్రియో నిస్కలౌకౌస్ బృందంతో బరువైన, నెమ్మదైన మెటల్‌ను ఫిన్నిష్‌లో పాడి ఆదరణ పొందాడు. లప్పేన్‌రంతాలోనే కొతితెఓల్లిసూస్ అనే మరో బృందం ఉంది, యొఉని హ్యునునెన్ దాని గాయకుడు. మొకొమా కంటే ముందు పుట్టింది, అదీ మాతృభాషలోనే పాడింది, 2003లో తెచ్చిన ఆల్బమ్‌తో దేశమంతా మారుమోగింది. అంటే మొకొమా ఒంటరి కాదు. ఒకే పట్టణంలో, ఒకే కాలంలో, తమ భాషలో గట్టిగా అరిచి పాడటం సిగ్గుపడాల్సిన విషయం కాదని ఇద్దరు ముగ్గురు ఒకేసారి నమ్మారు.

ఫిన్నిష్‌కు ఈ సంగీతం చక్కగా అమరుతుందని నా అభిప్రాయం. ఆ భాషలో ఒత్తు ఎప్పుడూ పదం మొదటి అక్షరం మీదే పడుతుంది. హ్రస్వ దీర్ఘాల తేడా, ద్విత్వాల తేడా మన తెలుగులో లాగే అర్థాన్నే మార్చేస్తాయి, కాబట్టి గాయకుడు వాటిని మింగేయడానికి వీల్లేదు. ప్రత్యయాలు వరసగా అతుక్కుని పదాలు పొడుగవుతాయి. డ్రమ్ముల దెబ్బ, పదారంభపు ఒత్తు ఒకచోట కలిస్తే వాక్యానికి అడుగులు వేసే లక్షణం వస్తుంది. భాష తెలియకపోయినా తెలుగు చెవికి ఆ దీర్ఘాలు, ఒత్తక్షరాలు స్పష్టంగా అందుతాయి.

1999లో మొకొమా తొలి ఆల్బమ్ ‘వలు’ ఈఎంఐ ద్వారా వచ్చింది. రెండోది ‘మొకొమాన్ 120 పైవా’ 2001లో. మొదటిది మెటల్ అంచున నిలిచిన చీకటి రాక్. చక్కని బాణీలున్నాయి, ఆలోచన ఉంది, కానీ బృందం ఇంకా తన బరువును తూచుకుంటున్నట్టు ఉంటుంది. రెండోదానికి వచ్చేసరికి గిటార్లు బిగుసుకున్నాయి. ఈలోపు సభ్యులు మారారు, సంగీతం మరింత వేగంగా, మరింత కరుగ్గా తయారైంది. ఆ రెండేళ్లలోనే రికార్డు వ్యాపారానికి కింద నేల కదిలింది. 1999 జూన్‌లో నాప్‌స్టర్ మొదలై పాటల ఫైళ్లు ఇంటర్నెట్‌లో చేతులు మారడం పరిపాటి అయింది. సీడీల మీద బతికిన కంపెనీలు లెక్కలు చూసుకున్నాయి. కోతలు వేయాల్సి వచ్చినప్పుడు దూరంగా ఉన్న చిన్న దేశాల చిన్న భాషలే ముందు కనబడతాయి. 2002 నాటి ఆ ప్రకటన అలా పుట్టింది. ఈఎంఐతో మొకొమా అనుబంధం రెండో ఆల్బమ్‌తో ముగిసింది.

ఇక్కడ కాస్త ఆగి, కంపెనీ ఒప్పందం అంటే ఏమిటో చూద్దాం. స్వతంత్ర బృందం అనే మాటను చాలామంది తిరుగుబాటు అనే అర్థంలో వాడతారు. అసలు విషయం పద్దు పుస్తకంలో ఉంటుంది.

పెద్ద కంపెనీ బృందానికి అడ్వాన్సు ఇస్తుంది, స్టూడియో ఖర్చు పెడుతుంది, సీడీలు అచ్చేసి దుకాణాలకు పంపుతుంది, ప్రచారం చేస్తుంది. ఆ అడ్వాన్సూ, రికార్డింగు ఖర్చూ బృందానికి రావలసిన వాటాలోంచి ముందుగా మినహాయించుకుంటుంది. అవి తీరేదాకా వాటా చేతికి రాదు. విత్తనం, ఎరువు అప్పుగా ఇచ్చి పంట తన కొట్టుకే తోలాలనే షావుకారు ఉంటాడు కదా, పద్ధతి అలాంటిదే. ఒక్కటే తేడా. పంట అమ్మాక రైతుకు కనీసం పొలం మిగులుతుంది. ఇక్కడ అప్పు తీరినా పొలం, అంటే రికార్డు మూలప్రతి, చాలా ఒప్పందాల్లో కంపెనీదే.

లెక్క వేసి చూస్తే ఇంకా తేటగా ఉంటుంది. ఇవి మొకొమా అసలు అంకెలు కావు, పద్ధతి తెలియడానికి నేను వేసుకున్నవి. ఆల్బమ్‌కు 20,000 యూరోలు ఖర్చయిందనుకుందాం. దుకాణానికి ఒక్కో సీడీ 10 యూరోలకు వెళుతుంది, అందులో బృందం వాటా పదో వంతు, అంటే ఒక యూరో. ఆ ఒక్క యూరోలోంచే ఖర్చు తీరాలి కాబట్టి 20,000 సీడీలు అమ్ముడయ్యాకే బృందానికి మొదటి పైసా కనబడుతుంది. 52 లక్షల మంది ఉన్న దేశంలో, అందునా మెటల్‌కు, అది కొండంత అంకె. ఇప్పుడు అదే బృందం సొంత లేబుల్ పెట్టుకుందనుకుందాం. 10 యూరోల్లో 3 పంపిణీదారుకు, 1 సీడీ తయారీకి పోగా 6 మిగులుతాయి. 3,400 సీడీలు అమ్మితే ఖర్చు తిరిగొచ్చేస్తుంది. అక్కణ్ణించి ప్రతి సీడీ మీదా ఆరు యూరోలు వాళ్లవే. కంపెనీ దృష్టిలో నష్టపు సరుకైన బృందం, అంతే అమ్మకంతో తన ఇంట్లో తాను హాయిగా బతకగలదు. 49 మందిని ఖర్చుగా చూసిన కన్నుకు ఈ లెక్క కనబడలేదు.

రేడియో నుంచి వచ్చే డబ్బులోనూ ఇదే సూత్రం. పాట కట్టినవాళ్లకూ రాసినవాళ్లకూ దక్కే సొమ్మును ఫిన్లాండ్‌లో తెఓస్తో అనే సంస్థ 1928 నుంచి వసూలు చేసి పంచుతోంది. రికార్డు ప్రసారమైనందుకు వాయించినవాళ్లకూ, ఆ రికార్డు తీయించిన సంస్థకూ రావలసిన వాటాలను గ్రామెక్స్ అనే మరో సంస్థ 1967 నుంచి చూస్తోంది. లేబుల్ కూడా తమదే అయితే రికార్డు తీయించినవారి వాటా సైతం అదే గుమ్మంలోకి వస్తుంది. చిన్న మొత్తాలే కావచ్చు. చిన్న బృందం కరెంటు బిల్లూ రిహార్సల్ గది అద్దే కట్టేది ఆ చిన్న మొత్తాలతోనే.

ఇదంతా అంత సులువైతే ప్రతి బృందమూ అదే చేసేది. సొంత లేబుల్ అంటే స్టూడియో బిల్లు మన పేరు మీదే వస్తుంది. అట్ట బొమ్మ ఎవరు వేయాలి, సీడీలు ఎన్ని అచ్చేయాలి, ఎక్కువ అచ్చేసి అమ్ముడుపోకపోతే పెట్టెలు ఎవరింట్లో పెట్టుకోవాలి, పత్రికలకు ఎవరు పంపాలి, పన్ను కాగితాలు ఎవరు నింపాలి, ఇవన్నీ గిటారు పట్టుకునే చేతులే చేయాలి. తప్పు జరిగితే తిట్టడానికి కంపెనీ ఉండదు. బృందంలోని స్నేహం మీద డబ్బు బరువు పడుతుంది. ఎన్నో బృందాలు ఆ బరువుకే విరిగాయి. మొకొమావాళ్లు ఆ బరువును ఎత్తుకున్నారు. తమ లేబుల్‌కు సకరా రికార్డ్స్ అని పేరు పెట్టారు.

నా వాదన ఏమిటంటే, ఫిన్నిష్‌లో పాడటమే వాళ్లకు ఈ దారి తెరిచింది. నైట్‌విష్‌లా ఇంగ్లీషులో పాడి ఉంటే అనేక దేశాల్లో పంపిణీ కావాలి, విదేశీ పత్రికలతో సంబంధాలు కావాలి, అంత పెద్ద యంత్రాంగం నలుగురైదుగురు కుర్రాళ్ల వల్ల కాదు. స్పైన్‌ఫార్మ్ వంటి సంస్థ కూడా 2002లో యూనివర్సల్ చేతికి వెళ్లింది. మొకొమా శ్రోతలంతా ఒకే దేశంలో ఉన్నారు. ఆ దేశంలోని దుకాణాలు, పత్రికలు, రేడియోలు, క్లబ్బులు వేళ్ల మీద లెక్కపెట్టదగ్గవి, వ్యాను వేసుకుని వెళ్లి పలకరించదగ్గవి. ప్రపంచమంతా విస్తరించిన కంపెనీకి వాళ్ల కోసం చేయగలిగింది పెద్దగా ఏమీ లేదు. చిన్న భాష శాపం అనుకుంటాం. ఈ కథలో అది కోటగోడలా పనిచేసింది.

వ్యాను అన్నాను కాబట్టి కచేరీల గురించి కూడా చెప్పాలి. ఫిన్లాండ్ బృందాలు చాలావరకు వారాంతాల్లో తిరుగుతాయి. గురువారం ఒక ఊరు, శుక్రవారం ఒకటి, శనివారం ఇంకొకటి, ఆదివారం రాత్రికి ఇల్లు, సోమవారం ఉద్యోగం. ఊళ్లు దూరదూరంగా ఉంటాయి. లప్పేన్‌రంతా నుంచి ఉత్తరాన ఔలు వెళ్లాలంటే 500 కిలోమీటర్ల పైమాటే, దారి నిండా అడవి, చలికాలమైతే మంచు. క్లబ్బుల్లో మద్యం అమ్ముతారు కాబట్టి 18 ఏళ్లు నిండనివాళ్లను లోపలికి రానివ్వరు. మెటల్‌ను ప్రాణంగా వినేది ఎక్కువగా ఆ ఈడువాళ్లే. అందుకని కుర్రవాళ్ల కోసం వేళ కాని వేళ, వేరేగా కచేరీలు పెట్టాల్సి వస్తుంది. డబ్బు తక్కువ, అలసట ఎక్కువ. అయినా ఆ పదిహేనేళ్ల పిల్లలే పదేళ్ల తరవాత టికెట్టు కొని వచ్చే శ్రోతలవుతారు. స్థానిక బృందానికి ఈ సంగతి తెలిసినంతగా దూరాన కూర్చున్న కార్యాలయానికి తెలియదు.

‘కురిముస్’ 2003లో వచ్చింది. అగాధం, దుర్గతి అన్న అర్థాలున్న పేరు అది. ఇందులో మొకొమా సంకోచాలన్నీ వదిలేసి థ్రాష్‌లోకి దూకింది. గిటార్ల దగ్గర కుయిస్మా ఆల్తో, తుఓమో సైక్కొనెన్. డ్రమ్స్ దగ్గర యన్నె హ్యుర్కాస్. తరవాత బాస్ గిటారుతో సంత్తు హమలైనెన్ కుదురుకున్నాడు. అన్నలాతో కలిపి ఈ ఐదుగురి రూపమే శ్రోతలకు బాగా తెలిసినది. ఆల్బమ్‌లో నన్ను పట్టేసేది వేగం కన్నా బాణీ. ఎంత కరుగ్గా మొదలైన పాటైనా పల్లవి దగ్గరికొచ్చేసరికి జనం గొంతు కలపగలిగేలా విచ్చుకుంటుంది. ఆ పల్లవుల్లో ఫిన్లాండ్ పాత పాటల దిగులు వినిపిస్తుంది. అమెరికా థ్రాష్ బృందాల నుంచి చేతివాటం నేర్చుకున్నారు, కానీ దిగులు మాత్రం అరువు తెచ్చుకోలేదు. పెద్ద కంపెనీలో ఉండి ఉంటే మూడో ఆల్బమ్‌కు ఇంత కరుకైన మలుపు తిరగనిచ్చేవాళ్లా అన్నది నాకు అనుమానమే. రేడియోకు వీలయ్యే పాట ఒకటైనా ఉండాలని అడిగేవాళ్లు గదిలో లేకపోవడం సంగీతంలోనే వినబడుతుంది.

మరుసటి ఏడాదే ‘తమన్ మాయిల్మన్ రుహ్తినాన్ హొవి’ వచ్చింది. ఈ లోకపు రాజు కొలువు అని దాని అర్థం, ఆ రాజంటే బైబిలు భాషలో సాతాను. 2006లో ‘కుఓలెమన్ లౌలుకున్నాత్’. మూడేళ్లలో మూడు ఆల్బమ్‌లు. ఎవరి అనుమతి కోసమూ ఆగనక్కర్లేని బృందం మాత్రమే ఇంత వేగంగా పనిచేయగలదు. ఈ మూడింటినీ కలిపి వాళ్ల తొలినాళ్ల ముగింపుగా నేను లెక్కపెడతాను. అప్పటికి వాళ్లు దేశంలో ఫిన్నిష్ భాషా మెటల్‌కు ముందువరసలో ఉన్నారు.

సకరా కథలో నాకు అన్నిటికంటే ఇష్టమైన ఘట్టం మాత్రం మొకొమా సొంత ఆల్బమ్‌లది కాదు. సొంత పాటలు అచ్చేసుకోవడానికి పెట్టుకున్న లేబుళ్లు ఎన్నో ఉంటాయి, అవి ఆ బృందంతోనే మొదలై ఆ బృందంతోనే ముగుస్తాయి. మొకొమా తన తలుపు తీసి పెట్టింది. లెమి పల్లెలో తొమ్మిదేళ్లుగా నమూనాలు చేసుకుంటున్న స్తమినా గుర్తుంది కదా. అంత్తి హ్యూరునెన్ అనే గాయకుడు, అతని స్నేహితులు, బాల్యం నుంచి కలిసి వాయించినవాళ్లు. వాళ్ల తొలి ఆల్బమ్ 2005లో సకరా మీద వెలువడింది. అదీ ఫిన్నిష్‌లోనే. మొకొమా కంటే వంకర టింకర లయలు, వింత మలుపులు, కవ్వించే మాటలు. 2006లో వచ్చిన రెండో ఆల్బమ్ ‘ఊదెత్ క్యుమ్మెనెన్ కాస్క్యూ’, అంటే కొత్త పది ఆజ్ఞలు, ఆ ఏటి ఉత్తమ మెటల్ ఆల్బమ్‌గా ఎమ్మా పురస్కారం గెలిచింది. అది ఫిన్లాండ్ రికార్డు పరిశ్రమ ఇచ్చే అత్యున్నత పురస్కారం. తరవాత కళాయోకి పట్టణపు డియాబ్లో, రిత్మిహైరియో వంటి బృందాలూ సకరా గూటికి చేరాయి.

ఇందులో ఒక వివేకం ఉంది. ఒక బృందం ఏడాదంతా ఆల్బమ్‌లు తేలేదు, పంపిణీదారుకు మాత్రం ఏడాదంతా సరుకు కావాలి. రెండు మూడు బృందాలుంటే లేబుల్ ఆరిపోకుండా నడుస్తుంది. కలిసి కచేరీలకు వెళితే ఒకరి శ్రోతలు మరొకరికి పరిచయమవుతారు. పైగా పెద్ద కంపెనీ చేతిలో నలిగినవాళ్లకు కొత్తవాళ్లతో ఒప్పందం ఎలా రాయకూడదో తెలిసి ఉంటుంది. నిజానికి స్తమినాకు కావలసింది డబ్బుమూట కాదు, తమ సంగీతం విని అర్థం చేసుకునే పొరుగువాళ్లు. పాతిక కిలోమీటర్ల దూరంలో వాళ్లు దొరికారు.

2006లోనే ఇంకొకటి జరిగింది. ఏథెన్స్‌లో జరిగిన యూరోవిజన్ పాటల పోటీలో రాక్షస వేషాలు వేసుకున్న లోర్డి అనే హార్డ్ రాక్ బృందం 292 మార్కులతో గెలిచింది. ఫిన్లాండ్‌కు ఆ పోటీలో అదే మొదటి గెలుపు. లోర్డి ఇంగ్లీషులో పాడింది, పెద్ద కంపెనీ బృందమే, కాబట్టి మొకొమా దారికీ దానికీ పోలిక లేదు. కానీ ఆ దేశంలో పాడగలిగేవాళ్ల సంఖ్య గురించి ఎవరికైనా సందేహాలు మిగిలి ఉంటే అవి ఆ రాత్రి తీరి ఉండాలి. ఈఎంఐ సంగతి వేరేగా నడిచింది. 2007లో ఒక పెట్టుబడి సంస్థ దాన్ని కొన్నది, 2011లో అప్పుల కింద బ్యాంకు చేతికి పోయింది, 2012లో దాని రికార్డు వ్యాపారంలో అధిక భాగం యూనివర్సల్‌లో కలిసిపోయింది.

ఈ సంగీతం ఎప్పుడూ వినని తెలుగు పాఠకులు ఎక్కడ మొదలుపెట్టాలని అడిగితే, నేనైతే ముందు ‘వలు’లోంచి రెండు పాటలు, వెంటనే ‘కురిముస్’ మొత్తం వినమంటాను. నాలుగేళ్ల తేడాలో ఒకే గొంతు ఎంత మారిందో తెలియడానికి ఆ వరస బాగుంటుంది. మొదటిసారి అరుపు అడ్డొస్తుంది. రెండోసారి గొంతును వదిలేసి డ్రమ్ముల వెంట వెళ్లండి, పదాల మొదటి అక్షరాలు దెబ్బకు సరిగ్గా ఎక్కడ తగులుతున్నాయో పట్టుకోండి. మూడోసారికి పల్లవి నోటికి వస్తుంది. ఆ తరవాత స్తమినా తొలి ఆల్బమ్ పెట్టుకోండి. రెండు బృందాల మధ్య పోలికలు, పోట్లాటలు మీకే వినిపించడం మొదలవుతుంది.